కాడికి కట్టిన రెండు రాశులు: హైసెన్‌బర్గ్ మద్రాసు నుంచి మన అమరావతి దాకా

  

పోస్టు పెద్దది. తీరిక చూసుకుని చదవండి, నెట్ సరిగ్గా రాని గూడేల్లో ఉన్నవాళ్లు సేవ్ చేసుకోండి.

2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్, మన రాష్ట్ర ప్రభుత్వం కలిసి అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని, అందులో 156 క్యూబిట్ల కంప్యూటర్ ఉంటుందని ప్రకటించాయి. అప్పటి నుంచి మన గ్రూపులో రెండు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి, ఇదంతా పెద్దోళ్ల యవ్వారం, మనకెందుకు అని. రెండోది, క్వాంటం ప్రకారం లోకంలో ఏదీ నిశ్చయం కాదంట, సైన్సే ఒప్పుకుందంట అని. మేము మంగళగిరిలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఫిజిక్స్ చదువుతున్నవాళ్లం. అమరావతి మాకు బస్సు దూరం. మొదటి మాటకు జవాబు ఉద్యోగాలు వచ్చినప్పుడు తెలుస్తుంది. రెండో మాట మాత్రం తప్పు, దానికి ఇప్పుడే జవాబు చెప్పొచ్చు. ఆ తప్పు మాట వెనకున్న అసలు విషయానికి ఒక చరిత్ర ఉంది. అందులో మద్రాసు ఉంది, బెంగళూరు ఉంది, మన ఆగిరిపల్లి కూడా ఉంది.

ముందు పేరు సంగతి. ఇంటర్ కెమిస్ట్రీలో హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమం అని రెండు మార్కుల ప్రశ్న ఉంటుంది, అందరం బట్టీ పట్టాం. ఒక కణం స్థానాన్నీ, ద్రవ్యవేగాన్నీ ఒకేసారి కచ్చితంగా కనుక్కోలేం అని రాస్తే మార్కులు పడతాయి. కానీ ఈ రెండే ఎందుకు? స్థానమూ బరువూ ఎందుకు కాదు? డిగ్రీలో చేరాక ఒక మాట దొరికింది: సంయుగ్మ చలరాశులు. మొదటిసారి విన్నప్పుడు నోరు తిరగలేదు. తర్వాత విడదీసి చూస్తే మన పొలంలో మాటే. సంస్కృతంలో యుగం అంటే కాడి. ఇంగ్లీషువాళ్లు వాడే కాంజుగేట్ అనే మాట కూడా లాటిన్‌లో కాడి అనే మాట నుంచే వచ్చింది, రెండింటి వేరూ ఒకటే. అంటే ఒకే కాడికి కట్టిన జోడెద్దులు. ఒకటి ముందుకు లాగితే రెండోది ఊరికే ఉండదు.

ఈ కాడి కట్టింది హైసెన్‌బర్గ్ కాదు. అంతకు తొంభై ఏళ్ల ముందే, 1834, 1835లో ఐర్లండ్ మనిషి హామిల్టన్ గ్రహాల కదలికకూ, విసిరిన రాయి కదలికకూ ఒకే రకం సమీకరణాలు రాశాడు. వాటిలో ప్రతి స్థానానికీ జతగా ఒక ద్రవ్యవేగం ఉంటుంది. స్థానం ఎంత వేగంగా మారుతుందో చెప్పాలంటే, శక్తి ద్రవ్యవేగం మీద ఎలా ఆధారపడిందో చూడాలి. ద్రవ్యవేగం ఎలా మారుతుందో చెప్పాలంటే, శక్తి స్థానం మీద ఎలా ఆధారపడిందో చూడాలి. ఒకదాని లెక్క ఇంకొకదాని చేతిలో ఉంది. కోణానికి కోణీయ ద్రవ్యవేగం ఇలాంటి జతే. అప్పటికి అనిశ్చితత్వం లేదు. రెండు ఎద్దులనూ విడివిడిగా, ఎంత కచ్చితంగా కావాలంటే అంత కచ్చితంగా కొలవొచ్చనే అందరూ అనుకున్నారు.

ఇక హైసెన్‌బర్గ్. ఆయన గురించి మా హాస్టల్లో అందరికీ నచ్చిన ముక్క ఆయన పరీక్ష. 1923 జులైలో మ్యూనిక్‌లో డాక్టరేట్ మౌఖిక పరీక్షకు కూర్చున్నాడు. వయసు 21. ప్రయోగ భౌతికశాస్త్రం ప్రొఫెసర్ వీన్, మైక్రోస్కోప్ ఎంత చిన్న వస్తువును విడదీసి చూపించగలదు అని అడిగాడు. రాలేదు. బ్యాటరీ ఎలా పనిచేస్తుంది అని అడిగాడు. అదీ రాలేదు. వీన్ ఫెయిల్ చేద్దామన్నాడు. గైడ్ సోమర్‌ఫెల్డ్ మాత్రం కుర్రాడు థియరీలో గట్టివాడని పట్టుబట్టాడు. చివరికి మూడో శ్రేణి గ్రేడుతో గట్టెక్కించారు. ఈ మైక్రోస్కోప్ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండేళ్లకు, 1925 జూన్‌లో, పుప్పొడి జ్వరం తట్టుకోలేక హెల్గోలాండ్ దీవికి పోయి కూర్చుని ఆయన ఒక కొత్త లెక్క వేశాడు. ఆ లెక్కలో ఒక వింత ఉంది. రెండు రాశులను గుణిస్తే, ఏది ముందు ఏది వెనక అన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది. మూడు ఐదులు పదిహేనే, ఐదు మూళ్లూ పదిహేనే కదా, ఇదేం లెక్క అని ఆయనకే అనుమానం. గోటింగెన్‌లో మాక్స్ బోర్న్ చూసి, ఇవి మాత్రికలు అని పట్టేశాడు. మిరపకాయలు ఎండబెట్టి దంచితే కారం వస్తుంది, దంచి ఎండబెడితే ఏమొస్తుందో మీ ఇంట్లో అడగండి. వరస మారితే ఫలితం మారే పనులు మనకు కొత్తేం కాదు, లెక్కల్లోనే కొత్త. ద్రవ్యవేగాన్ని పీ అని, స్థానాన్ని క్యూ అని అంటే, పీక్యూ నుంచి క్యూపీ తీసేస్తే సున్నా రాదు. ప్లాంక్ స్థిరాంకంతో కూడిన ఒక చిన్న సంఖ్య మిగులుతుంది. ఆ సమీకరణం గోటింగెన్‌లో బోర్న్ సమాధి రాయి మీద చెక్కి ఉంది.

ఇక్కడ కొంచెం పక్కదారి. ఈ బోర్న్ యూదుడు. హిట్లర్ వచ్చాక 1933లో ఉద్యోగం పోయింది. సర్ సి.వి. రామన్ పిలిస్తే 1935 చివర్లో బెంగళూరు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సుమారు ఆరు నెలలు ఉన్నాడు. రామన్ ఆయనకు శాశ్వత పదవి ఇప్పించాలని చూస్తే, అక్కడి ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్ సమావేశంలో లేచి, సొంత దేశం తరిమేసిన రెండో రకం మనిషి మనకెందుకు అన్నట్టు మాట్లాడాడు. ఇది బోర్న్ తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. పదవి రాలేదు, ఎడిన్‌బరో వెళ్లిపోయాడు. ఆ సమీకరణానికి మూలపురుషుడికి నోబెల్ 1954లో గానీ రాలేదు. నువ్వెక్కణ్ణించి వచ్చావు అనే ప్రశ్న మనల్నే అడుగుతారనుకుంటాం గానీ, ఈ సబ్జెక్టు పుట్టించినవాళ్లనూ అడిగారు.

1927కి వద్దాం. హైసెన్‌బర్గ్ కోపెన్‌హాగన్‌లో నీల్స్ బోర్ దగ్గర ఉన్నాడు. ఇద్దరికీ రాత్రిళ్లు వాదన. ఫిబ్రవరిలో బోర్ నార్వేకు మంచు మీద స్కీయింగ్‌కు పోయాడు. ఆ ఖాళీలో హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ వ్యాసం రాసి మార్చిలో పత్రికకు పంపేశాడు. అందులో ఉదాహరణగా ఏం పెట్టాడు? మైక్రోస్కోప్. ఎలక్ట్రాన్‌ను గామా కిరణాలతో చూడాలనుకుంటే ఆ కిరణం తగిలి ఎలక్ట్రాన్ పక్కకు పోతుంది, కాబట్టి దాని వేగం తెలియదు అన్నాడు. బోర్ తిరిగొచ్చి చదివి తప్పు పట్టాడు. కిరణం తగలడం ఒక్కటే అయితే ఎంత తగిలిందో లెక్కగట్టి తీసేయొచ్చు. అసలు చిక్కు ఏమిటంటే, మైక్రోస్కోప్ కటకానికి వెడల్పు ఉంది, కిరణం దానిలో ఏ దారిన వచ్చిందో తెలియదు. అంటే మళ్లీ వీన్ అడిగిన ఆ ప్రశ్నే! హైసెన్‌బర్గ్ కళ్లనీళ్లు పెట్టుకునేదాకా వాదన నడిచిందట. చివరికి అచ్చుకు పోయే ముందు వ్యాసం చివర ఒక వివరణ చేర్చాడు.

ఇది ఎందుకు ఇంత సాగదీసి చెప్తున్నామంటే, మనకు ఇప్పటికీ చాలా క్లాసుల్లో చెప్పేది ఆ గామా కిరణం కథే. కొలిస్తే కదిలిపోతుంది, అందుకే తెలియదు అని. అది విన్నవాళ్లకు ఏమనిపిస్తుంది? ఎలక్ట్రాన్‌కు స్థానం, వేగం రెండూ ఉన్నాయి, మన చెయ్యి మొరటుది కాబట్టి దొరకడం లేదు అనిపిస్తుంది. ఇంకా మంచి పరికరం, ఇంకా డబ్బున్న ల్యాబ్ ఉంటే దొరుకుతుందేమో అనిపిస్తుంది. అలా కాదు. అదే 1927లో కెన్నార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త అసలు అసమానతను రుజువు చేశాడు. అందులో కొలవడం అనే మాటే లేదు. ఒకే విధంగా తయారుచేసిన చాలా ఎలక్ట్రాన్లు తీసుకుని, సగం వాటి స్థానం, మిగతా సగం వాటి ద్రవ్యవేగం కొలవండి. ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఒక్కసారే ముట్టుకుంటున్నాం. అయినా స్థానాల విస్తరణనూ ద్రవ్యవేగాల విస్తరణనూ గుణిస్తే ఒక హద్దు కంటే తగ్గదు. ఆ హద్దు, ప్లాంక్ స్థిరాంకాన్ని నాలుగు పైతో భాగిస్తే వచ్చే సంఖ్య. 1929లో రాబర్ట్‌సన్ దీన్ని వరస మారితే ఫలితం మారే ఏ జతకైనా వర్తించేలా రాశాడు. కొలిచినప్పుడు కలిగే అలజడి వేరే లెక్క. దానికి 2003లో జపాన్ శాస్త్రవేత్త ఒజావా వేరే సూత్రం ఇచ్చాడు, 2012లో వియన్నాలో న్యూట్రాన్లతో పరీక్షించి చూశారు. హైసెన్‌బర్గ్ మొదట చెప్పిన అలజడి హద్దును దాటొచ్చనీ, కెన్నార్డ్ హద్దు మాత్రం చెక్కుచెదరదనీ తేలింది.

మేము దీన్ని హాస్టల్లో డప్పుతో, సన్నాయితో అర్థం చేసుకున్నాం. డప్పు మీద ఒక్క దెబ్బ. ఎప్పుడు పడిందో టక్కున చెప్పొచ్చు. అది ఏ స్వరం అంటే చెప్పలేం. ఇప్పుడు నాదస్వరం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా లాంటి విద్వాంసుడు ఒక షడ్జమం పట్టి నిలబెడితే, అది ఏ స్వరమో స్పష్టం. ఆ స్వరం ఏ క్షణంలో ఉంది అంటే ప్రశ్నకే అర్థం లేదు, అంతసేపూ ఉంది. శబ్దం ఎంత పొట్టిదైతే స్వరం అంత పలచబడుతుంది. సెకనులో వందో వంతు శబ్దానికి ఫ్రీక్వెన్సీ కనీసం 8 హెర్ట్జ్ పరుచుకుంటుంది. వెయ్యో వంతుకు దాదాపు 80. షడ్జమం 240 దగ్గర ఉంటే అంతర గాంధారం 300 దగ్గర ఉంటుంది, మధ్యలో రిషభం. కాబట్టి సెకనులో వెయ్యో వంతు శబ్దంలో సరిగ అని విడదీయడానికి అసలు ఏమీ లేదు. ఇది చెవి లోపం కాదు, మైకు లోపం కాదు. శబ్దంలోనే అది లేదు. 1946లో డెనిస్ గాబర్ సిగ్నల్ లెక్కల్లో ఇదే హద్దును చూపించాడు.

ఎలక్ట్రాన్ కూడా తరంగంలా ప్రవర్తిస్తుంది. తరంగం పొడవు దాని ద్రవ్యవేగాన్ని చెప్తుంది. ఒకచోట కుదించి పెట్టిన తరంగం డప్పు దెబ్బ లాంటిది, పొడవు పలచబడుతుంది. బారుగా సాగిన తరంగం సన్నాయి లాంటిది, పొడవు తెలుస్తుంది, చోటు తెలియదు. అంతే.

మరి ఇది మన రోజువారీ వస్తువుల్లో ఎందుకు కనపడదు? లెక్క వేశాం. ఒక మిరప గింజ 6 మిల్లీగ్రాములు అనుకుందాం. దాని స్థానం మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా తెలుసనుకుందాం. అప్పుడు వేగంలో తప్పనిసరి విస్తరణ ఎంత తక్కువంటే, ఆ వేగంతో పోతే ఒక్క అణువు వెడల్పు దాటడానికి మూడున్నర లక్షల ఏళ్లు పైనే పడుతుంది. అదే ఎలక్ట్రాన్‌ను అణువు వెడల్పులో బంధిస్తే, వేగంలో విస్తరణ సెకనుకు 580 కిలోమీటర్లు. అందుకే గుంటూరు యార్డులో బస్తా బస్తాలానే ఉంటుంది, దాని లోపలి ఎలక్ట్రాన్ మాత్రం ఒక్కచోట కుదురుగా ఉండదు. క్వాంటం పేరు చెప్పి జీవితంలో ఏదీ నిశ్చయం కాదు అనేవాళ్లకు ఈ మిరప గింజ చాలు.

పైగా ఈ నియమమే మనల్ని నిలబెడుతోంది. ఎలక్ట్రాన్‌ను కేంద్రకం లాగుతుంది కదా, పోయి దానిలో ఎందుకు పడిపోదు? దగ్గరకు కుదించేకొద్దీ ద్రవ్యవేగం పరుచుకుంటుంది, కదలిక శక్తి పెరుగుతుంది, అది బయటకు నెడుతుంది. లాగుడు, నెట్టుడు సమానమైన చోట హైడ్రోజన్ పరిమాణం కుదురుతుంది. మీటరులో పది వందల కోట్ల వంతుల్లో సగం వంతు, అంటే 0.53 ఆంగ్‌స్ట్రామ్. నిశ్చయం లేదని ఏడ్చే నియమం కాదిది, రాయి రాయిలా గట్టిగా ఉండడానికి కారణాల్లో ఒకటి.

ఇక ఇది మన వైపు ఎలా వచ్చిందో. 1928లో సోమర్‌ఫెల్డ్, అదే హైసెన్‌బర్గ్‌ను పరీక్షలో కాపాడిన గురువు, ఇండియా పర్యటనలో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చాడు. అక్కడ చంద్రశేఖర్ అనే విద్యార్థి ఆయన్ను కలిసి, నేను మీ పుస్తకం మొత్తం చదివాను అన్నాడు. అదంతా పాతబడిపోయింది, కొత్త క్వాంటం వచ్చింది అని ఆయన చెప్పాడు. మరుసటి ఏడాది 1929 అక్టోబరులో హైసెన్‌బర్గే మద్రాసు వచ్చాడు. ఆయన్ను చూసుకునే బాధ్యత ఆ చంద్రశేఖర్‌దే, మెరీనా ఒడ్డున కారులో తిప్పాడు. అప్పటికి మన వయసు కుర్రాడు. 1983లో నోబెల్ వచ్చిన చంద్రశేఖర్ ఆయనే. అప్పుడు గుంటూరు, ఒంగోలు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అంటే అనిశ్చితత్వ నియమం రాసిన రెండేళ్లకే, రాసినవాడు మన రాజధానికి వచ్చి పోయాడు. ఆ రోజుల్లో మన తాతల తాతలు చాలామంది నేర జాతుల చట్టం కింద పోలీసు హాజరు వేయించుకుంటున్నారు. స్టువర్టుపురం సెటిల్‌మెంటు మనకు దూరం కాదు, బాపట్ల దగ్గరే. రెండూ ఒకే ప్రెసిడెన్సీలో, ఒకే ఏళ్లలో జరిగాయి. మా రూములో ఒక రాత్రంతా దీని మీదే మాట్లాడుకున్నాం.

విజయవాడ దాటి నూజివీడు దారిలో ఆగిరిపల్లి వస్తుంది. 1909లో అక్కడ పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో రామన్ దగ్గర చేరాడు. 1931లో ఇద్దరూ కలిసి కాంతి కణానికి, అంటే ఫోటాన్‌కు, స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించిన ఫలితం ప్రచురించారు. తర్వాత వాల్తేరులో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు, 1948లో వెంకటరాయుడితో కలిసి గ్రూపు సిద్ధాంతం మీద పుస్తకం రాశాడు. ఫోటాన్ స్పిన్ రెండే విలువలు తీసుకుంటుంది. ఈ రెండు విలువల సంగతి కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు అల్లాడి రామకృష్ణన్. నెల్లూరు జిల్లా పుదూరు నుంచి మద్రాసు వెళ్లిన కుటుంబం. తండ్రి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, అంబేడ్కర్ అధ్యక్షుడిగా ఉన్న రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యుడు. షెడ్యూల్డ్ తెగలు అనే మాట ఏ రాజ్యాంగంలో ఉందో, ఆ రాజ్యాంగం. కొడుకు మద్రాసులో తన ఇంట్లోనే విద్యార్థులను కూర్చోబెట్టి కొత్త ఫిజిక్స్ సెమినార్ నడిపాడు. 1960 జనవరిలో నీల్స్ బోర్ ఆ ఇంటికి వచ్చాడు, హైసెన్‌బర్గ్ మైక్రోస్కోప్‌లో తప్పు పట్టిన బోరే. ఆ చిన్న గుంపును ఆయన మెచ్చుకోవడంతో విషయం నెహ్రూ దాకా పోయింది. 1962 జనవరి 3న మ్యాట్‌సైన్స్ సంస్థ మొదలైంది, చంద్రశేఖర్ సమక్షంలో.

అక్కడ జరిగిన ఒక పని మన కథకు గుండెకాయ. బోర్న్ సమీకరణంలో ఒక ఇబ్బంది ఉంది. పీక్యూ నుంచి క్యూపీ తీసేస్తే సున్నా కాని ఒకే సంఖ్య, కర్ణం మీద వరసగా రావాలి. కానీ పరిమిత సైజు మాత్రికల్లో ఏ రెండింటిని తీసుకున్నా, ఇటు గుణించి అటు గుణించి తీసేస్తే కర్ణం మీది సంఖ్యల మొత్తం సున్నానే. కాబట్టి రెండు వరసలు, మూడు వరసలు ఉన్న చిన్న మాత్రికలతో ఆ సమీకరణం కుదరదు. అనంత సైజు కావాలి. హెర్మన్ వైల్ దీనికి దారి చూపించాడు. తీసివేత వద్దు, వరస మార్చి గుణిస్తే ఒక గుణకం మాత్రం బయటకు వస్తే చాలు అన్నాడు. అలా చేస్తే చిన్న మాత్రికల్లో కూడా కాడి కట్టొచ్చు. రామకృష్ణన్, ఆయన శిష్యులు 1960ల చివరి నుంచి ఈ మాత్రికల వ్యాకరణం మీదే పని చేశారు. 1972లో రామకృష్ణన్ ఎల్-మాత్రికల పుస్తకం వచ్చింది. 1976లో సంతానం, టేకుమళ్ల పరిమిత పరిమాణాల్లో క్వాంటం యాంత్రికశాస్త్రం అని వ్యాసం రాశారు. అప్పట్లో దీనివల్ల ఉపయోగం ఏమిటని అడిగితే చూపించడానికి యంత్రం లేదు.

ఇప్పుడు ఉంది. క్యూబిట్ అంటే రెండే స్థితులున్న వస్తువు. దాని మీద ఎక్స్ అని, జెడ్ అని రెండు కొలతలు. జెడ్ జవాబు పక్కాగా తెలిస్తే ఎక్స్ జవాబు సగం సగం, బొమ్మా బొరుసే. ఎక్స్ తెలిస్తే జెడ్ బొమ్మా బొరుసు. స్థానమూ ద్రవ్యవేగమూ అనే జోడెద్దులకు అతి చిన్న రూపం ఇదే. అమరావతికి వస్తుందంటున్న ఐబీఎం హెరాన్ ప్రాసెసర్‌లో 156 క్యూబిట్లూ ఈ కాడి మీదే నడుస్తాయి.

రహస్య సందేశాలకూ ఇదే వాడారు. 1984 డిసెంబరులో బెంగళూరు సదస్సు సంపుటంలో బెన్నెట్, బ్రసార్డ్ అనే ఇద్దరి వ్యాసం వచ్చింది. ఫోటాన్ల ధ్రువణంతో తాళంచెవి పంపే పద్ధతి. ధ్రువణానికి రెండే విలువలు, భగవంతం వాళ్లు చూపించిన స్పిన్‌కు సంబంధించినవే. పంపేవాళ్లు కొన్నిసార్లు జెడ్ పద్ధతిలో, కొన్నిసార్లు ఎక్స్ పద్ధతిలో పంపుతారు. మధ్యలో దొంగతనంగా చూసేవాడికి ఏ పద్ధతో తెలియదు. తప్పు పద్ధతిలో చూస్తే బొమ్మా బొరుసు అయిపోయి, పాత సమాచారం చెడిపోతుంది, చెవి తీసుకున్నవాళ్లు సరిచూసుకుంటే దొరికిపోతాడు. దొంగ ఎంత ధనవంతుడైనా, ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా, ఇదే హద్దు.

మాకు ఈ విషయంలో పట్టు వచ్చింది ఇక్కడే. చిన్నప్పటి నుంచి మనం విన్న మాట, మీకు రాదు, మీవల్ల కాదు అని. అది మనుషులు గీసిన గీత. కెన్నార్డ్ గీత అలాంటిది కాదు, అది హార్వర్డ్‌కూ, మన ఆశ్రమ పాఠశాలకూ ఒకటే. ఈ రెండు రకాల గీతలకు తేడా తెలియాలంటే లెక్క చెయ్యాలి. వాట్సాప్‌లో వచ్చే క్వాంటం ఆధ్యాత్మికం చదివితే తెలియదు.

లెక్క కూడా పెద్దదేం కాదు. ఇంటర్ మొదటి సంవత్సరం మాత్రికలు వచ్చినవాళ్లెవరైనా చేయొచ్చు. ఎక్స్ మాత్రికలో మొదటి వరస 0, 1. రెండో వరస 1, 0. జెడ్ మాత్రికలో మొదటి వరస 1, 0. రెండో వరస 0, మైనస్ 1. ముందు ఎక్స్ జెడ్ గుణించండి, మొదటి వరస 0, మైనస్ 1, రెండో వరస 1, 0 రావాలి. తర్వాత జెడ్ ఎక్స్ గుణించండి. మొదటి వరస 0, 1, రెండో వరస మైనస్ 1, 0 వస్తుంది. గుర్తులు తిరగబడ్డాయి కదా. వైల్ చెప్పిన గుణకం ఈ మైనస్ ఒకటే. ఇదే పని మూడు వరసల మాత్రికలతో ఎలా వస్తుందో వచ్చే పోస్టులో పెడతాం. ఈలోగా రెండు వరసలది చేసి, నోటుబుక్కు ఫోటో గ్రూపులో పెట్టండి. రానివాళ్లు ఆదివారం సాయంత్రం మా హాస్టల్‌కు వచ్చినా సరే, కాల్ చేసినా సరే.